ఏమీ పోయని గిన్నెలో పెరిగినవి

1982. పాతబస్తీలో ఒక ఆసుపత్రి వెనక ఉన్న పరిశోధనశాలలో గాజుసామాన్లు కడిగే పని నాది. హుస్సేనీ ఆలం నుంచి నడిచి వెళ్లేదాన్ని. రోజుకూలీ మీద పెట్టుకున్నారు, ఎప్పుడైనా మానిపించవచ్చు. మా ఇంటి పొయ్యి ఆ కూలీతోనే వెలిగేది. నేను మూడో తరగతి దాటలేదు. అక్కడ జరిగేది సగం అర్థమయ్యేది, సగం అయ్యేది కాదు. ఈ సంగతి ఆ అర్థం కాని సగంలోది.

సరళ మేడమ్ చిట్టెలుక ఎముకలోని మూలుగను తీసి పరీక్షలు చేసేవారు. మూలుగలో స్టెమ్ సెల్స్ ఉంటాయట. అంటే ఇంకా ఏ పనిలోనూ కుదురుకోని కణాలు. తగినది అందితే ఒకటి ఒక రకం రక్తకణంగా, ఇంకోటి ఇంకో రకంగా మారుతుంది. ఆ అందేదాన్ని ఫ్యాక్టర్ అంటారు. అది ఎక్కడ దొరుకుతుందో తెలియదు కాబట్టి ఊపిరితిత్తుల ముక్కలు నానిన ద్రవం ఒక గిన్నెలో, ప్లీహం నానిన ద్రవం ఇంకో గిన్నెలో, ఇలా వరసగా పోసి చూసేవారు. ఒక గిన్నెలో మాత్రం ఏమీ పోయరు. దాన్ని కంట్రోల్ అంటారు. అందులో ఏమీ పెరగకూడదు. అప్పుడే మిగతావాటిలో పెరిగింది పోసినదాని వల్లే అని నమ్మవచ్చు.

ఆ ఎండాకాలం ఈ పరీక్షలు మొదలుపెట్టగానే కంట్రోల్ గిన్నెల్లో కూడా కణాలు గుంపులు గుంపులుగా పెరిగాయి.

పెద్ద డాక్టరుగారు నేను కడిగే గదిలోకి వచ్చారు. వెనకటి ఫ్యాక్టర్ గాజుకు అంటుకుని ఉండిపోయిందని ఆయన అనుమానం. ఆఖరి కడుగుకు డిస్టిల్డ్ వాటర్, అంటే ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్లు వాడాలి.

"గా నీళ్లు మిగిలిస్తున్నవా బాలమ్మా?" అన్నారు.

అలా అడగడానికి కారణం ఉంది. అరిగిపోయిన సబ్బు ముక్కలను ఒక్కటిగా అదిమి వాడేదాన్ని. పొట్లం కట్టిన దారం కూడా పారేసేదాన్ని కాదు. ల్యాబంతా దాని మీద నవ్వుకునేది.

"మా ఇంట్ల మిగిలిస్త సారూ. ఇక్కడియి మిగిలిచ్చి నేనేమన్న ఇంటికి మోసుకపోతనా?"

"మళ్ల గిట్లనే అయితె వేరే మనిషిని చూసుకుంట" అని వెళ్లిపోయారు.

సామాన్లను ఆవిరిలో ఉడికించే ఆటోక్లేవ్ యంత్రం దగ్గర పనిచేసే ఖాసిం భాయ్ అంతా విన్నాడు. "చాయ్‌పత్తి రెండుసార్లు మరగవెట్టేదానివి, నిన్నెవరు నమ్ముతరు ఆపా?"

"నోరు ముయ్యి భాయ్. చాయ్ నాది. గిన్నె సర్కార్ది."

ఆ వారం చేతులు పగిలేదాకా కడిగాను. అయినా కంట్రోల్‌లో పెరిగాయి. నా బుర్ర పనిచేయలేదు. నా చేతిలోనే ఏదో ఉందేమో అని కూడా అనుకున్నాను.

అప్పుడు మేడమ్ బీరువా తాళం తీసి, విదేశాల నుంచి తెప్పించిన ప్లాస్టిక్ గిన్నెలు, ద్రవం పీల్చి పోసే పైపెట్లు బయటపెట్టారు. సీలు విప్పని పొట్లాలు, ఒక్కసారి వాడి పారేసేవి. నా ప్రాణం ఉసూరుమంది.

"గివెందుకు మేడమ్? మస్తు ఖర్చు గదా?"

"నీ చెయ్యి పడనియి కావాలె బాలమ్మా. నువ్వు ఈ గది దిక్కు రాకు."

దొంగను బయట నిలబెట్టినట్టే అనిపించింది. కోపం దిగమింగుకున్నాను.

వారం తర్వాత ఖాసిం భాయ్ పరుగున వచ్చాడు. "బచ్‌గయే ఆపా, బతికిపోయినవ్! ప్లాస్టిక్‌ల గూడ పెరిగినయ్!"

ఊపిరి పీల్చుకున్నాను, వెంటనే మళ్లీ తికమకపడ్డాను. గాజు కాదు, నా చెయ్యి కాదు, పోసినది ఏమీ లేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది?

మేడమ్ ఒక్కొక్కటీ మార్చి చూశారు. చివరికి మూలుగనే అనుమానించారు. దాన్ని ముందుగా ఒక ఖాళీ గిన్నెలో ఉంచి, అడుగుకు అంటుకున్న కణాలను అక్కడే వదిలేసి, అంటుకోనివాటితోనే పరీక్ష పెట్టారు. తర్వాత నన్ను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచి కంట్రోల్ గిన్నె చూపించారు.

"ఏం కనవడ్తుంది?"

"ఏం లేదు మేడమ్" అన్నాను భయంభయంగా.

"గదే కావాలె!" అని ఆమె పకపకా నవ్వారు.

అంటుకునే కణాలే ఫ్యాక్టర్ తయారుచేసి పక్కవాటికి అందిస్తున్నాయట, మనం ఏమీ పోయకపోయినా.

"మరి గవి గూడ మొదట్ల ఏ పని లేనియే గదా? గవాటికి ఎవరు చెప్పిన్రు?"

"గది నాకు గూడ తెల్వదు బాలమ్మా."

అంత చదివినామే తెలియదంటే ఇక నాకేం అర్థమవుతుంది? ఇప్పటికీ కాలేదు.

డాక్టరుగారు గుమ్మంలో నిలబడి "పని చేసుకో" అన్నారు. నా కడిగే గదిలోనే ఇంకా చాలా ఏళ్లు పనిచేశాను.

ఇంత తికమకలో నాకు పట్టుబడింది ఒక్కటే. నన్ను నమ్ముతున్నానని మేడమ్ ఒక్కసారి కూడా అనలేదు. నా చెయ్యి పడనిది ఒకటి పక్కన పెట్టి చూశారు. నాకు కోపం తెప్పించిన ఆ పనే నా కూలీని నిలబెట్టింది. ఇప్పుడు ఇంట్లో ఏది పాడైనా నా నోరు ముందు కోడలి మీదికే పోతుంది. దాన్ని అదుపులో పెట్టి, కోడలు ఊళ్లో లేనప్పుడు కూడా ఇలాగే అయిందా అని ఆలోచిస్తాను. చాలాసార్లు అయ్యే ఉంటుంది.