లెక్కపెట్టని నిమిషం

మొన్న ఉదయం వార్డులో నర్సు ఓ చిన్న గాజు సీసా మెడ విరవగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. మా జూనియర్ డాక్టర్లు ముక్కు మూసుకుని నవ్వుకున్నారు. ఆ మందులో గంధకం ఉంటుంది, దాని వాసనే అంత. నాకు మాత్రం అది డాక్టర్ రంగనాయకులు గారి వాసన. చెప్పుకోవడానికి ఇంపుగా లేదు గానీ, ముప్ఫై ఏళ్లుగా ఆ వాసన తగిలితే ఆయన గుర్తొస్తారు, ఆ వెనకే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

తొంభైల మొదట్లో ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్ పైకి ఎక్కే దారిలో, బండరాళ్ల మధ్య ఆయనకు పన్నెండు మంచాల నర్సింగ్ హోమ్ ఉండేది. గుడివాడ వైపు మనిషి, అరవై దాటినవాడు. నేను చదువు ముగించి మొదట చేరింది అక్కడే. మా దగ్గరికి తారలెవరూ వచ్చేవారు కాదు. లైట్లు మోసేవాళ్లు, మేకప్ వాళ్లు, గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులు, డబ్బింగ్ చెప్పేవాళ్లు వచ్చేవారు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో వేలికి తగిలించి చూసే యంత్రం అప్పటికి మాకు లేదు. ఆయనకు ఉన్నదల్లా ఒక చేతిగడియారం, ఒక స్టూలు. రోగి పక్కన కూర్చుని మణికట్టు పట్టుకునేవారు. నాడి చూస్తున్నారని రోగి అనుకునేవాడు. ఆయన లెక్కపెట్టేది ఊపిరి. లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి తీరే మారిపోతుందని, అందుకే ఈ దొంగ వేషమని నాకు చెప్పారు. అదీ నిండు నిమిషం. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే ఒప్పుకునేవారు కాదు. నాకు అప్పుడు పాతికేళ్లు, ఇదంతా ముసలాయన చాదస్తంగా కనిపించేది.

ఆ ఏడాది చలికాలంలో వైరల్ న్యుమోనియాలు వరసగా వచ్చాయి. వైరస్‌ను చంపే మందు మా చేతిలో ఏదీ లేదు. ఆక్సిజన్ సిలిండర్, సెలైన్, ఆపైన దేవుడి దయ. అప్పుడే ఆయన ఆ గుడ్డు వాసన మందును తెప్పించి, విటమిన్ సీతో కలిపి బాగా జబ్బుపడ్డవాళ్లకు ఇవ్వడం మొదలుపెట్టారు. ఎందుకని అడిగితే విసుక్కోకుండా చెప్పారు. “ఇది వైరస్‌ని చంపదమ్మా. వైరస్‌తో పోరాడే కంగారులో ఒళ్లు తన ఊపిరితిత్తుల్ని తనే కాల్చుకుంటుంది. ఆ మంట కాస్త చల్లారుతుందేమోనని ఆశ. పనిచేస్తుందో లేదో నాకు తెలియదు.” ఈ చివరి మాట ప్రతి రోగి ఇంటివాళ్లకూ చెప్పేవారు. పక్కన నిలబడ్డ నాకు తల కొట్టేసినట్టుండేది. తెలియదని చెప్పే డాక్టరును ఎవరు నమ్ముతారని నా బాధ. మందు ఇచ్చే ముందు, ఇచ్చాక ఊపిరి ఎంతుందో ఒక అట్ట పుస్తకంలో రాసేవారు. ఆయన ఆశంతా ఆ పుస్తకంలోని అంకెల మీదే ఉండేది.

యాదగిరి ఆ రోజుల్లోనే వచ్చాడు. మోతీనగర్‌లో ఉండేవాడు, డబ్బింగ్ చెప్పేవాడు. ఇంట్లో, మా దగ్గర మాట్లాడేది తన ఊరి తెలంగాణ మాట. మైకు ముందు నిలబడితే మాత్రం కృష్ణా జిల్లా జమీందారు. వచ్చినరోజు అతని ఊపిరి నిమిషానికి ముప్ఫై ఎనిమిది; ఆరోగ్యంగా ఉన్నవాడికి ఇరవై దాటదు. ఆక్సిజన్ పెట్టి, మందు మొదలుపెట్టాం. నాలుగు రోజులకు కాస్త తేరుకున్నట్టు కనిపించాడు. అంతలో రంగనాయకులు గారు బంధువుల పెళ్లికి గుడివాడ వెళ్లాల్సి వచ్చింది. తను వచ్చి చూసేదాకా అతన్ని పంపొద్దని, పుస్తకం వదలొద్దని నాకు మరీ మరీ చెప్పి వెళ్లారు.

మర్నాడు సినిమా కంపెనీ మేనేజరు వచ్చి యాదగిరితో మాట్లాడి వెళ్లాడు. విడుదల దగ్గరపడిందట. పెద్ద విలనుకు గొంతిచ్చే అవకాశం అతనికి అదే మొదటిసారి. నేను రౌండ్స్‌కి వెళ్లేసరికి చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

“జర నన్ను పంపుర్రి డాక్టరమ్మా. రెండు రీళ్లే మిగిలినయ్. వేరేటోడు చెప్పిండంటే ఆ గొంతు ఇగ నాది కాదు.”

ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి ఎంతదాకా లెక్కపెట్టగలరో చూపించమన్నాను. అది మేం చదువుకున్న పరీక్షే. ఊపిరి అందనివాడు పది పన్నెండు దగ్గర ఆగిపోతాడు. యాదగిరి గొంతు సవరించుకుని, జమీందారు గొంతుతో ఖంగుమంటూ నలభై దాకా వెళ్లాడు. నర్సులు చప్పట్లు కొట్టారు. పేజీ పొడుగు డైలాగును ఊపిరి తిప్పుకోకుండా చెప్పడమే అతని బతుకుతెరువని ఆ క్షణంలో నాకు తట్టలేదు. అతను నాకు ఊపిరి చూపించలేదు, నటన చూపించాడు. ఓపీలో జనం ఉన్నారు. స్టూలు లాక్కుని నిమిషం కూర్చోవలసినదాన్ని కూర్చోలేదు. పుస్తకంలో అతని పేరుకు ఎదురుగా ఇరవై అని రాసేశాను. అతని భార్య రాజమణితో, ఆ మందు బ్రహ్మాండంగా పనిచేసింది, ఇంక భయం లేదు, ఇంటికి తీసుకెళ్లమని చెప్పాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. ఎంత గర్వపడ్డానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడో రోజు అతన్ని ఆటోలో తెచ్చారు. పెదవులు నీలంగా ఉన్నాయి. రెండు రోజులు మైకు ముందు నిలబడి రెండు రీళ్లూ పూర్తి చేశాడట. అప్పటికి రంగనాయకులు గారు వచ్చేశారు. ఉన్న సిలిండరుతోనే పెద్దాసుపత్రికి తరలించాం. అక్కడ నాలుగో రోజు పోయాడు. మిగిలిన సామాను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు రాజమణి ఏడవలేదు.

“ఇంట్ల ఎప్పుడూ మా మాటే మాట్లాడుతడు డాక్టరమ్మా. గా రెండు దినాలు నాతోని సినిమా మాటలే మాట్లాడిండు. ఆయాసం దాస్తుండని గప్పుడే నాకు అనుమానమొచ్చింది.”

నేను పంపానని రంగనాయకులు గారికి తెలుసు. అయినా ఆమె ముందు నా వైపు చూడనైనా చూడలేదు. “తప్పు నాదమ్మా. నేను ఊరెళ్లకుండా ఉండాల్సింది” అన్నారు. ఆమె వెళ్లాక పుస్తకం తెరిచి నన్ను పిలిచారు.

“ఈ ఇరవై నువ్వు లెక్కపెట్టిందేనా?”

“అవునండీ.”

“నిండు నిమిషమేనా?”

“నిండు నిమిషమేనండీ.”

ఆయన తలూపి పుస్తకం మూశారు. తిట్టి ఉంటే నిజం చెప్పేసేదాన్నేమో. ఏమో, చెప్పేదాన్ని కాదేమో కూడా. ఆ తర్వాత ఆ మందు మా దగ్గర మళ్లీ వాడలేదు. ఎందుకని నేను అడగలేదు.

కొన్నేళ్లకు నర్సింగ్ హోమ్ మూసేస్తూ, తన చేతిరాత నేను తప్ప ఎవరూ చదవలేరని నవ్వి ఆ పుస్తకం నాకిచ్చారు. ఆయన పోయిన వార్త తెలిశాకే దాన్ని తెరిచాను. నా ఇరవై కింద ఆయన కోడిగీతల్లో ఇలా ఉంది: “శ్వాస ఇరవైకి దిగిన మనిషి మూడు రోజుల్లో కూలిపోయాడు. ఈ మందు మనల్ని మభ్యపెడుతోంది. ఇక వాడను.” ఆ మందు మంచిదో కాదో నాకు తెలియదు, వైద్యులు ఇవాళ్టికీ దాని విషయంలో ఒక్క మాట మీద లేరు. కానీ ఆయన నా అంకెను నమ్మి, తన మందును అనుమానించారు. బతికున్నన్నాళ్లూ ఆయనకు చెప్పలేకపోయాను. రాజమణి ఇంటికి వెళ్లే దారి తెలిసి కూడా ఒక్కసారీ వెళ్లలేదు.

మొన్న ఆ సీసా విరిచింది డెబ్బై ఏళ్ల పెద్దాయన కోసం. ఈ మందు పడితే నాన్నకు తగ్గిపోతుందా అని కొడుకు అడిగాడు. నాకు తెలియదని, తగ్గొచ్చన్న ఆశతో ఇస్తున్నామని, ఆక్సిజన్ మాత్రం తీయొద్దని చెప్పాను. జూనియర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తలవైపు యంత్రం అంకెలు చూపిస్తూనే ఉంది. అయినా స్టూలు లాక్కుని కూర్చుని, పెద్దాయన మణికట్టు పట్టుకున్నాను. నాడి చూస్తున్నాననుకుని ఆయన కళ్లు మూసుకున్నాడు. నిండు నిమిషం. ముప్ఫై నాలుగు. ముప్ఫై నాలుగనే రాశాను.