బ్యాటరీ నీళ్లు

పొద్దున మా తోడల్లుడు ఫోన్ చేశాడు. కారు వేడెక్కి ఆగిపోతే మెకానిక్ రేడియేటర్ విప్పాడట, లోపలంతా తెల్లగా సున్నం కట్టిందట. "అన్నా, కూలెంట్ల ఏం నీళ్లు కలపాలె? నువ్వప్పుడేదో చెప్పినవ్ గదా" అన్నాడు. అయ్యో పాపం అన్నాను గానీ, నిజం చెప్పాలంటే నా కడుపు చల్లబడింది. ఆ మాట అతని నోట వినాలని ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాను మరి.

మా మెదక్‌లో బోరు నీళ్లు నాలుగుసార్లు కాస్తే చాలు, గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. ఇంజన్‌లోనూ అంతే. అందుకే నేను మొదటినుంచీ కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటరే కలుపుతాను. మావైపు దాన్ని ఆ పేరుతో ఎవరూ అడగరు. బ్యాటరీల దుకాణంలో దొరుకుతుంది కాబట్టి బ్యాటరీ నీళ్లంటారు. నా కొంప ముంచింది ఆ పేరే.

చాలా ఏళ్ల కిందట ఒకరోజు బావమరిదికి సంబంధం ఖాయం చేసుకోవడానికి అందరం తూప్రాన్ వెళ్లాలి. పెద్దల్లుణ్ణి కాబట్టి మామగారు నా కారులో, ముందు సీట్లో కూర్చోవాలి. ఆ ముచ్చట కోసం సీటు కవర్లు కూడా ఉతికించాను. అత్తగారింటి వాకిట్లో బానెట్ ఎత్తి, పచ్చటి కూలెంట్‌లో సగానికి సగం నీళ్లు కలుపుతుంటే మామగారు వచ్చి ఏం నీళ్లని అడిగారు. బ్యాటరీ నీళ్లని మురిసిపోతూ చెప్పాను. ఆయన చటుక్కున వెనక్కి జరిగారు. ట్రాక్టర్ బ్యాటరీ పుణ్యమా అని పంచెకు చిల్లులు పడిన మనిషి, బ్యాటరీ అంటే ఆయనకు యాసిడే. యాసిడ్ కాదు, ఆవిరిని చల్లార్చి పట్టిన నీళ్లని ఎంత చెప్పినా తలూపారే తప్ప నమ్మలేదు. ఇంతలో మా తోడల్లుడు తాగే నీళ్ల బిందెలోంచి అవే బోరు నీళ్లు చెంబుతో ముంచుకొచ్చి తన కారులో గుమ్మరించాడు.

"మనం తాగే నీళ్లే పోసిండు. బండిని గూడ ఇంట్ల మనిషి లెక్క జూస్తుండు" అన్నారు మామగారు. "నేను చిన్నల్లుని బండ్ల వస్త గని, నువ్వు ఎన్కనే రా బిడ్డా."

ఈర్ష్యే అది, వేరే పేరెందుకు? ముందు పోతున్న ఆ కారు ఎక్కడ ఆవిర్లు కక్కుతుందా అని దారంతా చూశాను. కక్కలేదు. దాని వెనక అద్దంలోంచి మామగారి తల కనబడుతోంది, అతని ప్రతి మాటకూ ఊగుతూ. నా పక్కన పండ్ల బుట్ట కూర్చుంది. వెనక సీట్లోంచి మా ఆవిడ "మొకం గట్ల వెట్టకుండ్రి, ఫొటోలల్ల వడ్తది" అంది. ఆ తర్వాత ఏ ఊరికైనా మామగారిది చిన్నల్లుడి కారే. ఆ కారేమో ఏ ఎండాకాలంలోనూ మొండికెయ్యలేదు.

ఇవాళ ఫోన్ పెట్టేశాక గెలిచినంత సంబరమైంది, ఎవరికైనా చెప్పాలని లేచాను. చెప్పవలసిన మనిషి నిరుడే పోయారు, నా కారు ముందు సీట్లో ఒక్కసారైనా కూర్చోకుండానే. సున్నం తీరిగ్గా, ఏళ్లకు ఏళ్లు తీసుకుని పేరుకుంది. మామగారికే అంత వ్యవధి లేకపోయింది.