తలుపు ముందు దగ్గు

ఆదివారం సాహిత్య సమావేశంలో ఆ నవలా రచయిత్రి పక్కన కూర్చోవాలంటే మిత్రులకి కాస్త జంకు. "అక్కయ్య ముందు చెవి గోక్కోకండి, వచ్చే నవలలో ఎవడో ఒకడు గోక్కుంటాడు" అని వేళాకోళం చేస్తారు. అందులో అబద్ధమేం లేదు. కనబడినవాళ్ళ అలవాట్లు ఎత్తుకొచ్చి పాత్రలకి తొడగడమే ఆవిడ పద్ధతి. వంటింటి బల్ల మీద, కుక్కర్ కూతల మధ్యే రాస్తుంది. అచ్చుకి పంపే ముందు కూతురికి పైకి చదివి వినిపిస్తుంది.

భర్త పోయాక రాసిన మొదటి నవలని కూడా అలాగే చదువుతోంది. అద్దెకున్నవాళ్ళని ఏడిపించే ఇంటి యజమాని, తలుపు తట్టే ముందు రెండుసార్లు దగ్గే చోటికి వచ్చేసరికి, బట్టలు మడతపెడుతున్న కూతురి చేతులు ఆగిపోయాయి.

"అమ్మా, అది నాన్న దగ్గు కదే! పోయి పోయి ఈ దుర్మార్గుడికిచ్చావా?"

ఆవిడ ఉలిక్కిపడింది. "నిజమేనే. నాకు తెలీకుండానే కలంలోంచి జారిపోయింది."

"ఇంక నాన్నని తలుచుకుంటే వీడే గుర్తొస్తాడు నాకు."

ఆవిడ ఆ దగ్గు ఉన్న ప్రతిచోటా కొట్టేసింది. ఇప్పుడా యజమాని చప్పుడు చెయ్యకుండా వచ్చి గుమ్మంలో నిలబడుతున్నాడు. "వీడు మరీ భయపెడుతున్నాడక్కయ్యా" అన్నారు, ఆదివారం విన్న మిత్రులు. ఆవిడ నవ్వేసింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, తలుపు తట్టబోతూ ఆగి, రెండుసార్లు దగ్గింది. లోపల కూతురి అడుగుల చప్పుడు ఒక్క క్షణం ఆగిపోయి, ఆ తర్వాత పరుగున గుమ్మం వైపు వచ్చింది.