బొచ్చె రేటూ, వీపీఎన్ సర్క్యులరూ

ఏలూరు మత్స్యశాఖ ఆఫీసులో నా పని, కొల్లేరు చేపల రేటు రోజూ పదకొండింటికల్లా పైకి పంపడం. అసలు రేటు తెలిసేది చెరువుల రైతులు మాట్లాడుకునే యాప్‌లోనే. దాన్ని కాస్తా ప్రభుత్వం బ్లాక్ చేసింది. గణపవరం రైతు ఒకాయన, ఆ బ్లాకుని దాటించే వీపీఎన్ నా ఫోన్‌లో ఎక్కించి, "ఇప్పుడు చూడండి" అన్నారు. రేట్లన్నీ వచ్చేశాయి!

నెల తిరక్కుండా, వీపీఎన్ వాడితే చర్యలు తప్పవని పెద్దాఫీసరు గారి సర్క్యులర్ వచ్చింది. చదివి సంతకం పెట్టాను. ఒళ్ళు మండిపోయింది. మీ రేటు మీరే చూసుకోండని గొణుక్కుంటూ వీపీఎన్ తీసెయ్యబోతుంటే ఫోన్ మోగింది. పెద్దాఫీసరు గారే.

"ఏవండీ, పదకొండు దాటింది. బొచ్చె చేప రేటు చెప్పండి. మీరిచ్చేదే కరెక్టుగా ఉంటోందండీ!"

పొంగిపోయి, ఆ వీపీఎన్‌లోనే చూసి చెప్పేశాను. ఎక్కణ్ణించి వస్తోందో ఆయన ఇవాళ్టికీ అడగలేదు.