ఆ లైను తెంపనివ్వని సార్

మాకు ల్యాప్‌టాప్ రిపేరు నేర్పిన సార్ గోదావరిఖనిలో గుండెపోటుతో చనిపోయారు. మంచిర్యాలలో నా దుకాణం తెరుస్తుంటే కబురొచ్చింది. ఎత్తిన షట్టరు మళ్లీ దించి బస్సెక్కాను.

సార్‌కు అసహ్యం ఎక్కువ. చల్లారిన చాయ్, ఉండలుండలుగా పెట్టిన టంకం, తెలియనిది తెలిసినట్టు చెప్పే మెకానిక్కు, దేన్ని చూసినా ముఖం చిట్లించేవారు. "థూ, గిదొక పనా?" అనిపించుకోని వాళ్లు మాలో లేరు. ఇవాళ నా చేతికి కాస్త పని వచ్చిందంటే ఆ తిట్ల పుణ్యమే.

ఒకరోజు బోర్డు చూపించి చెప్పారు. "చార్జింగ్ చిప్పు ఊకె బ్యాటరీ నింపుడే కాదు. అడాప్టరు మీద ఎంత లోడు పడుతుందో చూస్తది. మోయలేనంత గుంజితే, గీ లైను మీదికెళ్లి ప్రాసెసర్‌కు సైగ చేస్తది, జర తగ్గుమని. అది నెమ్మదిస్తది. మిషన్ బతుకుతది."

దుకాణంలో సార్‌కు ఒక భాగస్వామి ఉండేవాడు. స్పీడు పెంచి ఇస్తానని, సార్‌కు తెలియకుండా ఆ లైనే తెంపేవాడు. ల్యాప్‌టాప్ పరుగెత్తేది, జనం సంబరపడేవాళ్లు. అలా లైను తెంపిన ఒక ల్యాప్‌టాప్‌కు పెట్టిన అడాప్టరు ఒక గని కార్మికుడి ఇంట్లో మంచం మీదే కరిగింది. నర్సింగు చదివే ఆయన బిడ్డకు చెయ్యి కాలింది. తండ్రి డ్యూటీ బట్టలతోనే దుకాణానికి వచ్చాడు.

"అడాప్టరు డూప్లికేటుది. మాకేం సంబంధం?" అన్నాడు భాగస్వామి.

సార్ బోర్డు విప్పి చూశారు. "లైను మా దుకాణంలనే తెగింది కాకా. తప్పు మాదే."

"గిరాకీ ముందట పరువు తీస్తవా?"

"పరువా? థూ! నీ పక్కన ఇగ కూసుండ."

ఆరోజే విడిపోయారు. ఆ అమ్మాయి చెయ్యి మానేదాకా సార్ దవాఖానకు వెళ్లివస్తూనే ఉన్నారు. గిరాకీ మాత్రం భాగస్వామి వెంటే పోయింది. సార్ చిన్న గదిలో ఒక్క బల్ల వేసుకొని, అతను తెంపిన లైన్లు పైసా తీసుకోకుండా కలిపి ఇచ్చారు.

బస్సు దిగి నేను చేరేసరికి సార్ ఇంటి గేటుకు పెద్ద ఫ్లెక్సీ వేలాడుతోంది. 'ప్రాణమిత్రునికి కన్నీటి వీడ్కోలు.' అందులో సార్ ఫొటో కంటే భాగస్వామి ఫొటోనే పెద్దది. కింద అతని దుకాణం పేరు, ఫోన్ నంబరు. అతను దాని పక్కనే నిలబడి, వచ్చినవాళ్లకు నమస్కారాలు పెడుతున్నాడు.

సార్ భార్యను మేమంతా అక్కా అంటాం. ఆమె కుర్చీ తెచ్చుకొని ఎక్కి తాళ్లు విప్పారు. మేము సాయానికి లేస్తే వద్దన్నారు. బొమ్మలు లోపలికి పోయేలా ఫ్లెక్సీని మడిచి అతని చేతిలో పెట్టారు.

"తీస్కపో అన్నా. దినాలకు గూడ రాకు."

అతను ఎండలో, చంకలో ఆ మడతతో నిలబడ్డాడు. అన్ని ఖాళీ కుర్చీల మధ్య ఒక్కరూ కూర్చోమనలేదు.