గోడల పీరయ్య

పీరయ్య ఫోన్‌లో గోడలు తప్ప మరేమీ ఉండవు. సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో అతను ప్లాస్టరింగ్ మేస్త్రి. పని పూర్తయిన ప్రతి గోడనూ ఫొటో తీసి, జగిత్యాల దగ్గర ఊళ్లో ఉన్న భార్య ముత్యవ్వకు పంపుతాడు. వీడియో కాల్ చేసినా తన నుదురో, వెనకున్న గోడో చూపిస్తాడు. ఆ మహాతల్లి ఎలా భరించిందో గానీ, ఒకే గదిలో ఉంటున్న నాకే పిచ్చెక్కింది.

ఆ ఏడు మా కంపెనీ నితాకత్‌లో, అంటే స్థానికులకు ఇన్ని కొలువులివ్వాలనే సర్కారు లెక్కలో, ఎరుపులో పడింది. సౌదీ మనుషులు చాలినంత మంది లేరని మా ఇకామాల, అంటే నివాస పర్మిట్ల, రెన్యువల్ ఆపేశారు. బయటివాళ్లకు తలకింత అని కట్టే లెవీ దెబ్బ మరొకటి. వయసు మళ్లినవాళ్లకు ముందుగా ఎగ్జిట్ కొట్టి ఇంటికి పొమ్మన్నారు. నాలుగేళ్లుగా ఇంటి ముఖం చూడని పీరయ్యకు ఇక వారం మిగిలింది.

"పక్కింటి దేవన్న జెద్దా సముద్రం కాడ నిలవడి ఫొటో దిగిండు. వాని పెండ్లాం ఊరంత సూపెడ్తున్నది," అంది ముత్యవ్వ ఫోన్‌లో. "నాకు గోడలద్దు. సముద్రం కాడ నీ మొఖం కనవడాలె. లేకుంటె ఇంటికచ్చినా నీతోని మాట్లాడ."

పీరయ్య హడలిపోయాడు. అందుకే శుక్రవారం పొద్దున్నే నా పికప్‌లో ఘాట్ రోడ్డు దిగి, కోస్ట్ గార్డ్‌కు కాగితాలు చూపించి, దేవన్న ఫొటోను మించాలని ఒక దీవికి పడవెక్కాం. ఎప్పుడో అగ్నిపర్వతం పేలిన చోటట. ఇసుకంతా బొగ్గుపొడిలా నల్లగా ఉంటుందట. వెనకటి పడవలవాళ్లు కట్టుకున్న కాపలా గది గోడలు ఇంకా ఉన్నాయని పడవతను చెప్పాడు. గోడలు అన్నప్పుడే నాకు భయం వేయాల్సింది. కానీ అప్పటికే పొట్టలోదంతా సముద్రానికి అప్పజెప్పి పడవలో వాలిపోయాను.

"అన్నా, నాకు లేవస్తలేదు. ఫోన్ నీ దిక్కు తిప్పుకొని నొక్కు, గంతే," అన్నాను.

"నాకు తెల్వదా!" అన్నాడు.

దిగీ దిగగానే నల్ల ఇసుక పిడికెడు తీసి అరచేతిలో నలిపాడు. నాలుక మీద వేసుకుని ఉమ్మాడు. "ఉప్పు! గిది గోడకు పనికిరాదు!" అని అక్కణ్ణుంచే అరిచాడు. ఎవరు కొనమన్నారయ్యా నిన్ను! తర్వాత ఆ పాత గోడల మధ్యకు పోయాడు. గంట దాటింది. పడవతను త్వరగా రమ్మని "యల్లా, యల్లా" అంటూ గొంతు చించుకుంటే పరుగెత్తుకొచ్చాడు.

"ఎన్ని తరాల కిందిదో తమ్మీ! సున్నం ఇంకా పట్టుకొనే ఉన్నది. మన పని పదేండ్లు ఆగదు."

"నీ ఫొటో ఏది?"

పీరయ్య ఫోన్‌ను వెనక్కి దాచాడు. ఫోన్ లాక్కుని చూశాను. ఇరవై ఏడు ఫొటోలు. గోడ, గోడ, గోడ మూల, పగులు, మళ్లీ గోడ. పడవ వెనక్కి తిప్పమంటే పడవతను ససేమిరా అన్నాడు. పడవలోనే తీద్దామంటే ఆ ఫోన్ చార్జింగ్ అయిపోయింది, నాది గదిలోనే మరిచాను. ఫ్లైటు ఎల్లుండే. నాకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వు మనిషివా, తాపీవా అన్నా?"

పీరయ్య దారి పొడవునా ఫోన్‌ను చొక్కాతో తుడుస్తూ కూర్చున్నాడు. చూస్తే జాలేసింది. గదికి రాగానే ఫోన్ చార్జింగ్‌కు పెట్టి, దేవుడా అనుకుంటూ అవే పంపాడు. అయిదు నిమిషాల్లో ముత్యవ్వ ఫోన్ చేసింది. తిట్లు వినలేక నేను బయటికి పోబోయాను.

"మూడోది మంచిగున్నది," అంది.

"మూలదా? గా సున్నం సూసినవా..."

"సున్నం కాదు. గోడ మీద నీ నీడ వడ్డది." మళ్లీ ఫొటో చూసినట్టుంది. "గంత బక్కగైనవేందయ్యా? భుజం గూడ వంగింది. నాకెన్నడు చెప్పకపోతివి."

పీరయ్య ఆ ఫొటో తెరిచి చూశాడు. తీసినవాడే ఆ నీడను అప్పటిదాకా గమనించలేదు.

"పొద్దు వెనకుండె... గందుకే గట్ల..." అని నసిగాడు.

"పొద్దు మీద వెట్టకు. ఇగ ఇంటికి రా," అంది ముత్యవ్వ. "మనింటి గోడ పెచ్చులూడి మూడేండ్లాయె. నువ్వు పూత వెయ్యి. ఫొటో నేను తీస్త."