బస్సులో నా బొటనవేలి నిమ్మకాయ

కాలి బొటనవేలి గోరు లోపలికి పెరిగి కండలో దిగబడింది. పొద్దున మా అవ్వ ఆ వేలికి పసుపు దట్టించిన నిమ్మకాయ తొడిగి, నన్ను ఉదయగిరిలో ఆత్మకూరు ఎర్రబస్సు ఎక్కించింది. నిలబడటానికే చోటు లేదు. తోపులాటలో నిమ్మకాయ ఊడి జనం మధ్యకు దొర్లింది.

“ఎవురిదిరా ఇది? పసుపు గూడా ఉండాదే!” అని కండక్టర్ కేక పెట్టాడు.

“నాదేన్నా. మా అవ్వ పెట్టింది.”

“మీ అవ్వ ఇట్లాంటియి గూడా చేస్తాదా?”

అంతే, ముగ్గురు కూర్చునే సీటు ఖాళీ అయింది. కాలు చాపుకుని ఆత్మకూరు దాకా దొరలా వెళ్లాను. అక్కడ డాక్టరు గోరు అంచు కత్తిరించి కట్టు కట్టాడు. నొప్పి పోయింది.

అయినా తిరుగు బస్సెక్కే ముందు ఇంకో నిమ్మకాయ కొని, పసుపు పూశాను. తప్పంటారా?